లోపల వండిన గంజి

ఆషాఢ శుద్ధ త్రయోదశి

ముందుగా క్షమాపణ. సకల లోకానికీ, అందులోని ప్రాణులన్నిటికీ, ముఖ్యంగా హిమాలయాల్లో ఎక్కడో ఒంటిమీది పట్ట ఒలిపించుకుని చలికి వణుకుతూ నిలబడ్డ ఆ భూర్జ వృక్షానికి శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. దాని పట్ట మీద ఏ రాజు ఆజ్ఞో, ఏ మహర్షి వాక్కో ఉండాల్సింది. నా గొడవ ఉండబోతోంది. తక్షశిలలో ఏడేళ్లు నన్ను భరించిన గురువుగారికి క్షమాపణ. నోట పట్టాల్సిన విద్యను గీతల్లో పెట్టే అలవాటు నేను ఆయన దగ్గర నేర్చుకోలేదు, ఒంటెల బేరగాళ్ల గుమాస్తా దగ్గర నేర్చుకున్నాను. పొయ్యి మసి సిరాగా మారినందుకు పొయ్యికి క్షమాపణ. ఇంకా చేయని తప్పులకు కూడా ఇప్పుడే చెప్పేసుకుంటే తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు కాబట్టి, వాటికీ క్షమాపణ.

కర్త పేరు జోతికుడు. ఇది నాకు తెలిసిన సంగతే అయినా గ్రంథం అన్నాక కర్త పేరు ఉండాలి. పాఠకుడి పేరు కూడా జోతికుడే. ఈ గీతలు చదవగలిగిన రెండోవాడు ఈ కొండ చుట్టుపక్కల లేడు. ఇక్కడ అందరూ అన్నీ నోటికి పట్టేవాళ్లే. రాస్తే మరిచిపోతావురా అంటారు. నాకు కావలసింది అదే.

సోణత్త నన్ను ఈ విహారంలో పనికి పెట్టింది. మా నాన్న చెల్లెలు కాబట్టి నా మీద ఆ హక్కు ఉందనుకుంటుంది.

"ఏడేళ్లు పోయి ఏం నేర్చుకొచ్చావురా?" అంది.

"వ్యాకరణం, తర్కం."

"వాటిని ఉడకేసుకు తినొచ్చా?"

ఊరంతా ఎండిపోయి ఉన్న రోజులు. ఉడికేది ఏదైనా గొప్పదే. కొండెక్కాను.

ఇక్కడ ఉండేది ఇద్దరు స్వాములు. పెద్దాయన ఉజ్జయ స్వామి, డెబ్బై దాటినవారు. చిన్నాయన వసభ స్వామి. కరువు రాకముందు వీళ్లకు వంట అన్నదే లేదట. పొద్దున్నే గిన్నె పట్టుకుని ఊళ్లోకి పోవడం, పడింది తినడం, పొద్దు నడినెత్తి దాటితే మర్నాటి దాకా నోరు కట్టుకోవడం. గింజ దాచకూడదు. పొయ్యి ముట్టించకూడదు. కరువొచ్చాక ఊళ్లో గిన్నెలే ఖాళీ అయ్యాయి. ఎవరో పుణ్యాత్ములు బియ్యం తెచ్చిస్తే, నియమం ప్రకారం వాటిని బయట పెట్టి నేను బయటే వండేవాణ్ణి. ఒకరోజు ఆకలిగొన్నవాళ్లు కుండతో సహా ఎత్తుకుపోయారు. మూత మాత్రం వదిలి వెళ్లారు, మర్యాదస్తులు. ఇలాంటివి ఊరూరా జరిగి, ఆ సంగతి పైదాకా పోయి, కరువు పేరున మూడు సడలింపులు వచ్చాయి. లోపల దాచుకోవచ్చు. లోపల వండుకోవచ్చు. స్వాములే వండుకోవచ్చు.

ఆ మూడింటి మీదే ఉజ్జయ స్వామి బతుకుతున్నారు. ఆయనకు కడుపులో వాయువు. నొప్పి లేచిందంటే మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుపోతారు. నువ్వులు, బియ్యం, పెసలు కలిపి జారుగా గంజి కాచి, పొద్దున్నించి వేడివేడిగా కొంచెం కొంచెం తాగితే గాని దిగదు. తన గదిలో ఓ మూల మూడు రాళ్లు పెట్టుకుని ఆయనే కాచుకుంటారు, వసభ స్వామికీ పోస్తారు. నడినెత్తి దాటాక కుండలో మిగిలింది నాది.

"జోతికా, మీ తక్షశిలలో గంజికి ఎన్ని విభక్తులు?" అన్నారు ఇవాళ.

"ఏడు స్వామీ. ఆకలేసినవాడికి ఎనిమిది."

నవ్వారు. నవ్వితే నొప్పి లేస్తుంది. ఇకమీదట తగ్గించాలి.

ఆషాఢ శుద్ధ చతుర్దశి

ఇవాళ ఒక స్వామి వచ్చారు. సుయామ స్వామి. నాకంటే రెండేళ్లు పెద్దవారేమో. మోకాలి దాకా బురద. శ్రావస్తి నుంచి నడిచొస్తున్నారట. వసభ స్వామి గిన్నె పట్టుకుని ఊళ్లోకి పోయి ఉన్నారు. పెద్దస్వామి రాత్రంతా నొప్పి పడి అప్పుడే నిద్రలోకి జారారు.

"లేపకు, పాపం," అన్నారు సుయామ స్వామి. "నేను ఆగలేను. ఎల్లుండి నుంచి వర్షావాసం. మూడు నెలలు ఎక్కడివాళ్లం అక్కడే ఉండాలి. ఈలోగా నది దాటి మా చోటికి చేరాలి. నువ్వు చదువుకున్నవాడిలా ఉన్నావే."

"తక్షశిల. ఏడేళ్లు."

"అయితే ఒక మాట పట్టుకో. వీళ్లకు అప్పజెప్పు. శ్రావస్తి వైపు పంటలు పండాయి. కరువు పేరున ఒప్పుకున్న మూడూ ఇక ఒప్పుకోవు. లోపల దాచింది, లోపల వండింది, స్వయంగా వండుకున్నది తింటే దోషం. ఈ మాట చెవిన పడిన రోజు నుంచి, ఎక్కడైనా, ఎవరికైనా."

"ఇక్కడ ఇంకా కరువే కదా స్వామీ."

"నేను తెచ్చింది మాట. వాన కాదు."

నాచేత ఆ మాట చెప్పించుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ అక్షరం తేడా రాలేదు.

"మంచి గొంతు. నువ్వు సన్యాసం ఎందుకు తీసుకోలేదు?"

"మధ్యాహ్నం దాటాక నాకు ఆకలేస్తుంది స్వామీ."

నీళ్లు తాగి వెళ్లిపోయారు. వసభ స్వామి తిరిగొచ్చారు. గిన్నెలో నాలుగు ఉడికిన దుంపలు. పెద్దస్వామి లేచి పొయ్యి ముందు కూర్చున్నారు. చెబుదామని నోరు తెరిచాను.

"మూత తీసి చూడు, పొంగుతోందేమో," అన్నారు ఆయన.

మూత తీశాను. పొంగుతోంది.

ఆషాఢ పూర్ణిమ

రేపు చెబుతాను.

ఆషాఢ బహుళ పాడ్యమి

వర్షావాసం మొదలైంది. స్వాములు కదలరు, కొత్త స్వాములు రారు. అంటే ఆ మాట ఇక మూడు నెలలు నా ఒక్కడి దగ్గరే ఉంటుంది, నేను చెప్పకపోతే. చెబుతాను కాబట్టి ఆ బెంగ లేదు.

వసభ స్వామి ఇదివరలో కంసాలి. నియమాలను కూడా గురిగింజ ఎత్తు తేడా లేకుండా తూస్తారు. ఇవాళ గంజి గిన్నె చేతిలో పట్టుకుని, తల వంచుకుని, పెళ్లిమాట చెప్పే పిల్లాడిలా చెప్పారు.

"స్వామీ, ఈ వర్షావాసం ఒక్క దోషం లేకుండా గడపాలని ఉంది. పదకొండేళ్లయింది, ఒక్కసారీ కుదరలేదు."

"పోయినసారి ఏమొచ్చింది?" అన్నారు పెద్దస్వామి.

"మామిడిపండు. టెంక ఉన్నది. మొలకెత్తే గింజ కదా, ముందు ఎవరిచేతా గాటు పెట్టించకుండా తినేశాను."

"నేనూ తిన్నాను కదా అది."

"మీరు చెప్పుకుని మరిచిపోయారు. నేను చెప్పుకుని మరిచిపోలేదు."

"ఈసారి మామిళ్లు కాయలేదులే. నీకు కలిసొచ్చింది."

వసభ స్వామి గిన్నె ఎత్తి తాగారు. లోపల దాచిన బియ్యం, లోపలి పొయ్యి, స్వామి వంట. మూడూ ఒకే గుక్కలో. మొదటి రోజే.

ఆయనకు తెలియదు. మాట చెవిన పడిన రోజు నుంచి అన్నారు కదా సుయామ స్వామి. ఎవరి చెవిన? నా చెవిన పడింది. నా చెవి లెక్కలోకి వస్తుందా? అర్థం కాలేదు. రేపు పొద్దున్నే ఆలోచిస్తాను.

ఆషాఢ బహుళ చవితి

చెప్పే ముందు ప్రత్యామ్నాయం చూపించాలి. ఊరికే చెప్పేసి ఆ ముసలాయన్ని ఖాళీ గిన్నెతో కూర్చోబెట్టడం విద్యావంతుడి పని కాదు. అందుకని ఇవాళ విహారం బయట, బండ పక్కన, పొయ్యి పెట్టి చూశాను.

నిప్పు రాజుకోలేదు. పొగ మాత్రం ఘనంగా వచ్చింది. ఆ పొగ చూసి కోతులు పది వచ్చాయి. కోతుల వెనక, కొండ కింద గుడిసెల్లోంచి ఆరుగురు మనుషులు వచ్చి మాట్లాడకుండా చుట్టూ కూర్చున్నారు. అందులో ఒకామె చంకలో బిడ్డ. కుండలో ఉన్నవి నీళ్లేనని చూపించాను. అయినా కాసేపు కూర్చున్నారు. తర్వాత వాన పెద్దదై పొయ్యినీ మమ్మల్నీ కలిపి తడిపింది.

వసభ స్వామి గుమ్మంలోంచి చూస్తున్నారు. "లోపల చోటుండగా బయట ఏంటా తిప్పలు?"

"ప్రయోగం స్వామీ. నీళ్లకింద నిప్పు నిలుస్తుందా అని."

"నిలిచిందా?"

"తర్కం ప్రకారం నిలవాలి."

కాబట్టి, చెబితే గంజి లేదు. గంజి లేకపోతే పెద్దస్వామి లేరు. ఆయన ప్రాణం నా నాలుక మీద ఉంది. నాలుక కదపకపోవడమే ధర్మం. తర్కంలో నేను ఇంతవరకూ ఒక్కసారే నెగ్గాను, అదీ ఎదుటివాడు నిద్రపోతే. ఇది రెండోసారి.

ఆషాఢ బహుళ షష్ఠి

చెప్పలేదు.

ఆషాఢ బహుళ సప్తమి

చెప్పలేదు. వాన.

ఆషాఢ బహుళ దశమి

పెద్దస్వామికి నొప్పి మళ్లీ గట్టిగా వచ్చింది. నేనే పొయ్యి ఊదాను, నేనే కాచాను. నేను కాస్తే మూడు దోషాల్లో ఒకటి తగ్గుతుంది కదా అని ఒక ఆలోచన. మిగతా రెండూ అలాగే ఉన్నాయని ఇంకో ఆలోచన. మూడు గుక్కలు తాగి పడుకున్నారు. చెమట తుడిచాను. ఎముకలే తగిలాయి చేతికి.

ఇది చూసి ఏ రాయికైనా చెప్పబుద్ధి అవుతుందా?

శ్రావణ శుద్ధ పంచమి

వసభ స్వామి ఒంటరిగా దొరికారు. కట్టుకునే కాషాయ చీవరం కుట్టుకుంటున్నారు.

"స్వామీ, ఒక సందేహం. ఊహకే."

"ఊహకు దోషం లేదు. అడుగు."

"ఒక స్వామి ఉన్నారనుకోండి. ఆయన తినేది తినకూడనిదని ఆయనకు తెలియదు. దోషమేనా?"

"దోషమే. చిన్నది. ఇంకో స్వామి ముందు కూర్చుని చెప్పుకుంటే పోతుంది."

"తెలియని దాన్ని ఏమని చెప్పుకుంటారు?"

"తెలిసిన రోజు చెప్పుకుంటాడు."

"తెలియకుండానే పోతే?"

సూది ఆగింది. "ఎవరా స్వామి?"

"ఊహ స్వామి."

"ఆ ఊహ స్వామి పక్కన, సంగతి తెలిసినవాడు ఎవడైనా ఉన్నాడా?"

"ఉన్నాడనుకోండి. భిక్షువు కాదు. పనివాడు."

"పనివాడికి మా నియమాలు వర్తించవు."

"అయితే వాడికి దోషం లేనట్టేనా?"

"మా లెక్కలో లేదు."

"మరి ఎవరి లెక్కలో ఉంటుంది?"

"అది మీ తక్షశిలలో చెప్పలేదా?" అని మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి తల ఎత్తకుండానే, "ఇప్పటికి ఇరవై రోజులు, జోతికా. ఒక్కటీ లేదు," అన్నారు. ముప్పై ఆరేళ్ల మనిషి ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

నాకు దోషం లేదట. ఆయనే చెప్పారు. మరి ఇంత బరువుగా ఎందుకుంది? తిన్నది ఎక్కువైందేమో.

శ్రావణ పూర్ణిమ

చెప్పలేదు. ఇవాళ కారణం కూడా వెతుక్కోలేదు.

శ్రావణ బహుళ ఏకాదశి

పెద్దస్వామికి నొప్పి రాక ఎనిమిది రోజులైంది. పొద్దున బండ దాకా నడిచి వెళ్లి, మెట్ట తామర పూసిందని చూసి వచ్చారు. బుగ్గలు కొంచెం నిండాయి.

"జోతికా, ఇక నాకీ గంజి అక్కర్లేదేమో. రేపటి నుంచి వసభతో పాటు ఊళ్లోకి పోతాను. దొరికింది తింటాను."

"అప్పుడే వద్దు స్వామీ. వైద్యశాస్త్రం ఒప్పుకోదు."

"నువ్వు చదివింది వ్యాకరణం కదా."

"వైద్యం పక్క గదిలో చెప్పేవారు. గోడ పలచన."

నవ్వారు. ఇప్పుడు నవ్వినా నొప్పి లేవడం లేదు. కుండ అడుగున ఉన్న చిక్కటి గంజి మొత్తం నాకే ఉంచారు.

"నీకే నీరసంగా ఉన్నట్టుంది, నాయనా," అన్నారు.

ఆయన పూర్తిగా కోలుకోలేదు. నడకలో ఒక తూలు ఉంది. నేను చూశాను. మళ్లీ తిరగబెట్టవచ్చు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లు చేసింది వృథా. బాగుపడేదాకా చెప్పకూడదు అనుకున్నాను మొదట. బాగుపడ్డాక చెప్పకూడదు అనిపిస్తోంది ఇప్పుడు. ఈ రెండింటికీ మధ్య చెప్పాల్సిన రోజు ఒకటి ఉండి ఉండాలి. అది ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

భాద్రపద శుద్ధ విదియ

సోణత్త కొండ కింద నిలబడి కేక వేస్తే దిగాను. నెత్తిన చిన్న గంప, ముఖమంతా వెలుగు.

"ఒరేయ్ జోతిగా, మన మెట్ట చేలో కొర్రలు కోతకొచ్చాయి. పిడికెడైతేనేం, మన గింజ. పెద్దస్వామి ఎట్లా ఉన్నారు?"

"నడుస్తున్నారు."

"ఆయన పొయ్యి ఊదుకుంటున్నారంటే నా కడుపు తరుక్కుపోతోందిరా. ఇంతమంది ఆడవాళ్లం చచ్చామా? చవితి నుంచి నేనే ఇంటి దగ్గర వండి, ఎండెక్కక ముందే తెచ్చి, వాళ్ల గిన్నెల్లో పోసి పోతాను. ఇద్దరికి సరిపోతుంది."

"ఇద్దరికేనా?"

"మరెందరున్నారు అక్కడ?"

"నేను లేనా అత్తా?"

"నీకు కాళ్లు లేవా? దిగొచ్చి చేలో కొడవలి పట్టు. నాతోపాటు తిందువుగాని. మా గంజి పలచనేలే, తమరి తక్షశిల నాలుకకు దిగదేమో. చేతులు చూడు, ఆడపిల్ల చేతుల్లా ఎట్లా అయ్యాయో."

అత్త అక్షరం ముక్క చదువుకోలేదు. అయినా నేను నెలన్నరగా తలపట్టుకున్న మూడు చిక్కులనూ ఒకే గంపలో ఎత్తుకొచ్చింది. లోపల దాచింది కాదు. లోపల వండింది కాదు. స్వాములు వండింది కాదు. ఇక చెప్పడానికి అడ్డేమీ లేదు. ఇవాళే, ఇప్పుడే చెప్పొచ్చు.

పెద్దస్వామిని అడిగి చెబుతానన్నాను.

ఏం అడగాలో తెలియడం లేదు.

భాద్రపద శుద్ధ చవితి

సోణత్త వచ్చింది. వెళ్లింది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పాపం, కొండెక్కి రావద్దని చెప్పాను. పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి ఎవరో ఒకరు ఆలోచించాలి.

భాద్రపద శుద్ధ పంచమి

గంజి మిగిలింది. నేను తినలేదు. కడుపు ఉబ్బరం.

భాద్రపద శుద్ధ నవమి

రాయడానికేమీ లేదు.

భాద్రపద బహుళ తదియ

వసభ స్వామి ఊళ్లోంచి వచ్చి గిన్నె దించుతూ అన్నారు.

"సోణమ్మ ఇవాళ కూడా గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి లోపలికి పోయింది. ఎన్నేళ్లుగానో మొదటి గరిట ఆమెదే. కరువులో కూడా ఒక దుంపైనా వేసేది. మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"మోకాళ్లు స్వామీ."

"గుమ్మం దాకా రావడానికి కూడానా?"

"వాళ్ల గుమ్మం కొంచెం ఎత్తు."

ఆయన నవ్వలేదు. నా మాటలకు వసభ స్వామి ఎప్పుడూ నవ్వరు, అది కొత్త కాదు. పెద్దస్వామి కూడా నవ్వలేదు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

ఊళ్లో ధాన్యం నూర్పిళ్లు. స్వాముల గిన్నెలు నిండుతున్నాయి. అయినా పెద్దస్వామి పొయ్యి వెలుగుతూనే ఉంది, నేను వెలిగిస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఎందుకు వెలిగిస్తున్నానో నన్నడిగితే ఒక కారణం చెప్పగలను. నిన్న అడిగి ఉంటే ఇంకొకటి చెప్పేవాణ్ణి.

ఆశ్వయుజ పూర్ణిమ

వర్షావాసం ముగిసింది. ఈ రోజు స్వాములు ఒకరి ముందు ఒకరు గొంతుక్కూర్చుని, చేతులు జోడించి, నాలో దోషం చూసినా, విన్నా, అనుమానించినా చెప్పండి, దిద్దుకుంటాను అని అడుగుతారు. నేను భిక్షువును కాదు, అక్కడ ఉండకూడదు. బయట కట్టెలు చీలుస్తూ ఉన్నాను. చీలిక చీలికకూ మధ్య మాటలు వినపడ్డాయి.

వసభ స్వామి అడిగారు. "చూసినా, విన్నా, అనుమానించినా..."

"చూడలేదు, వినలేదు, అనుమానం లేదు," అన్నారు పెద్దస్వామి.

బయటికి వచ్చినప్పుడు వసభ స్వామి కళ్లు తుడుచుకుంటున్నారు. నా దగ్గరికొచ్చి, "మొదటిసారి, జోతికా," అన్నారు.

గొడ్డలి చాలా పదునుగా ఉంది. దాని గురించే ఆలోచించాను.

ఆశ్వయుజ బహుళ చవితి

సుయామ స్వామి వచ్చారు.

ఇవాళే ఊరివాళ్లంతా చీవరాలకు బట్ట ఇవ్వడానికి కొండెక్కారు. ముంగిట నలభై మంది దాకా ఉన్నారు. సుయామ స్వామి అందరిచేతా దణ్ణాలు పెట్టించుకుని లోపలికి తొంగి చూశారు. పొయ్యి రాళ్లు, కుండ, మూలన బియ్యం బాన. ముఖం మారింది.

"ఇంకా వండుతున్నారా?"

"కరువుకు ఒప్పుకున్నారు కదా," అన్నారు వసభ స్వామి.

"అది ఎత్తేశారు. వర్షావాసానికి ముందే వచ్చి చెప్పాను. ఇతనికే. మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను."

అందరూ నా వైపు చూశారు.

ఆ క్షణంలో నాలో తక్షశిల మేలుకుంది. ఒప్పుకుంటాను. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను, చేతులు జోడించాను, గొంతు సరిచేసుకున్నాను. "దోషం నాది స్వాములారా. మాట నాకు అందింది. కానీ ఆ రోజు లోపల ఒక ముసలి శరీరం నొప్పితో ముడుచుకుని ఉంది. చెబితే ఆ పొయ్యి ఆరిపోతుంది. పొయ్యి ఆరితే ఆ ప్రాణం ఆరిపోతుంది. మాటను చంపి మనిషిని ఉంచాను. మీరు ఏ శిక్ష వేసినా తలకెత్తుకుంటాను."

ఆడవాళ్లలో ఇద్దరు కళ్లొత్తుకున్నారు. ఊరి పెద్ద, నా చదువు గురించి ఎప్పుడూ ఎకసెక్కాలాడేవాడు, "చదువుకున్నవాడంటే అదిరా," అన్నాడు. సుయామ స్వామి తల దించుకుని, "నేనే ఆగి ఉండాల్సింది," అన్నారు.

వసభ స్వామి పెద్దస్వామి ఎదుట గొంతుక్కూర్చుని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అన్నిటికీ కలిపి ఒక్కసారి చెప్పుకుంటే చాలట. ఆయన రోజు రోజుకూ విడివిడిగా చెప్పుకున్నారు. పాడ్యమి నాడు లోపల వండింది తిన్నాను. విదియ నాడు లోపల వండింది తిన్నాను. నీడ జానెడు జరిగేదాకా చెప్పారు. జనం కదలకుండా విన్నారు.

అయ్యాక లేచి నా దగ్గరికి వచ్చారు. "నీ మీద కోపం రావాలి. రావడం లేదు. నా నియమం పోయింది, స్వామి మిగిలారు. ఆ తూకం నాకు చేతకాదు. నీకు చేతనైంది."

పెద్దస్వామి మాత్రం ఒక్క మాట మెచ్చుకోలేదు, తిట్టలేదు. పొయ్యి రాళ్లు బయట పారేయమన్నారు. నేను మోస్తుంటే ఆయన జనం వెనకవైపు చూసి, "సోణమ్మ ఏదీ?" అన్నారు.

అత్త అందరి వెనక, ప్రహరీ దగ్గర, చేతుల్లో మడిచిన బట్టతో నిలబడి ఉంది.

"అంత దూరాన ఎందుకమ్మా? ముందుకు రా."

"ఇక్కడ బాగానే ఉంది స్వామీ." బట్టను పక్కనున్నామె చేతికిచ్చి పంపింది.

ఆయన చూపు ఆవిడ మీంచి నా మీదికి వచ్చి ఆగింది. నేను రాళ్లు మోశాను.

కొండ దిగేటప్పుడు అత్త నా పక్కనే నడిచింది. మోకాళ్లు బాగానే పనిచేస్తున్నాయి.

"వాళ్ల ప్రాణం నిలబెట్టావట కదరా. మంచి పని చేశావు." కొంతదూరం నడిచాక అంది, "నా అన్నం వాళ్లకు పనికిరాలేదు. నీ అబద్ధం పనికొచ్చింది. ఏం పాపం అంటుకుందో నా చేతులకి."

ఆశ్వయుజ బహుళ పంచమి, పొద్దున

స్వాములకు ఒక పద్ధతి ఉంది. ఎదురుగా కూర్చుని ఇది చేశాను అంటారు. దాన్ని చూస్తున్నావా అని అడుగుతారు. చూస్తున్నాను అంటారు. ఇక ముందు జాగ్రత్త అంటారు. అంతే, లేచి వెళ్లిపోవచ్చు. పనివాడికి ఆ పద్ధతి లేదు. నా ఎదురుగా ఉన్నది ఈ పట్ట.

నిన్న నలభై మంది ముందు ఒప్పుకున్నది నేను చేసింది కాదు. అది ఆషాఢంలో కొన్నాళ్లు నిజం. పెద్దస్వామి ముడుచుకుని పడుకున్నన్నాళ్లు నిజం. ఆ తర్వాత అది నేను కప్పుకున్న దుప్పటి.

చేసింది ఇది.

భాద్రపద శుద్ధ చవితి నాడు సోణత్త కొండ నడుమ ఉన్న ఇంకో బండ దాకా ఎక్కి వచ్చింది. గంపలో రెండు మూకుళ్లు, మోదుగాకుల మూత. కొర్రన్నం, పెసరపప్పు, మీద నెయ్యి. ఈ ఏడాది నెయ్యి ఎక్కడ సంపాదించిందో. పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా చాలా సమయం ఉంది. నేను అందిస్తాను, నువ్వు కింద కూర్చో అన్నాను. తన చేత్తో పోయాలని ఉందిరా అంది. స్వాములు ధ్యానంలో ఉన్నారన్నాను. విహారం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని దిగింది.

బండ వెనక్కి వెళ్లి రెండు మూకుళ్లూ నేనే తిన్నాను. వేలితో నాకాను కూడా. స్వామి గంజి కుండ పైన నాకోసం ఎలాగూ ఉంది. ఆకలితో కూడా కాదు. రేపటి నుంచి ఆవిడ తెస్తే ఆ కుండ ఉండదు, నేను చేలోకి దిగాలి, పలచటి గంజి తాగాలి. అది తలుచుకుంటూ తిన్నాను.

తర్వాత కిందికి వెళ్లి మూకుళ్లు అత్త చేతిలో పెట్టాను. మోకాళ్ల మాట నేను ఎత్తలేదు. పెద్దస్వామి నీ ఇంటి వంట వద్దన్నారు, ఇక తేవద్దన్నారు అని చెప్పాను.

ఎందుకురా అంది. నాకు చెప్పలేదన్నాను.

అత్త ఖాళీ మూకుళ్లలోకి చూసింది. "మరి ఇదంతా తిన్నారు కదరా?"

"లేదత్తా, కాకులకు వేయించారు," అన్నాను.